కోలొహె కోసం టార్పాలిన్ కింద

ఆ చోటు పేరు నేను చెప్పను. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నా మీద విసుక్కుని లాభం లేదు. మొలొకాయి దీవికి పడమటి కొస, ఎర్రమట్టి దారి, దారికి రెండువైపులా కియావె ముళ్లచెట్లు, అవి దాటాక నల్లరాళ్లు, సముద్రం. అంతవరకే. అలాంటి చోట్లు అటువైపు కావలసినన్ని ఉన్నాయి, ఓపికున్నవాళ్లు వెతుక్కోవచ్చు. అయినా నేను చెప్పబోయేది చోటు గురించి కాదు, హౌనాని ఆంటీ గురించి.

ఆవిడని ఎరగనివాళ్లు మా దీవిలో ఎవరుంటారు? సగం మందిని బడికి మోసుకెళ్లింది ఆవిడ నడిపిన బస్సే. బస్సులో ఎవడైనా కిటికీలోంచి తల బయట పెడితే అరిచేది కాదు. బండి పక్కకి ఆపి, అద్దంలోంచి ఒక్క చూపు చూసేది. వాడు తల లోపల పెట్టుకుని, బడి వచ్చేదాకా బుద్ధిగా కూచునేవాడు. మరీ మొండికేస్తే దింపేసి నడిపించేది. మళ్లీ తనే బస్సుని వాడి వెనకే నెమ్మదిగా తోలుకుంటూ వచ్చేది, కుక్కలేమైనా కరుస్తాయేమోనని.

రిటైరయ్యాక ఇంట్లో కూచుని టీవీ చూస్తుందనుకున్నాం. ఆవిడ వెళ్లి సీళ్ల కాపలాలో చేరింది. సీళ్లంటే ఒడ్డుకొచ్చి నిద్రపోయే సముద్రపు జంతువులు. నిద్రపోదామని సీలు ఒడ్డెక్కిందంటే చాలు, మడత కుర్చీ, దుర్భిణీ, నాలుగు కర్రలు, ఒక తాడు పట్టుకుని బయల్దేరేది. సీలు చుట్టూ దూరంగా తాడు కట్టి, మనుషుల్నీ కుక్కల్నీ అటు రానివ్వకుండా కూచునేది. జీతం లేదు, బత్తెం లేదు. ఈ జాతి సీళ్లు ప్రపంచం మొత్తంలో పదిహేను వందల పైచిలుకే మిగిలాయట. అవన్నీ మా హవాయి దీవుల్లోనే ఉన్నాయి. అందుకే ప్రతిదాని రెక్కకీ ఒక రంగు గుర్తు, ప్రతిదానికీ ఒక కాపలా.

ఆవిడ తమ్ముడు వెండెల్ రోడ్ల మరమ్మతు పనిలో ఉంటాడు. శుక్రవారం శుక్రవారం అక్క ఇంటికి భోజనానికి వచ్చి ఏడిపించేవాడు.

"ఆ నిద్రపోతు మూటల్ని కాస్తే నీకేమిస్తారక్కా?"

"నిన్ను పెంచినందుకు ఏమిచ్చారో, అదే ఇస్తారు. అన్నం కలుపుకో."

వెండెల్‌కి గాలం పిచ్చి. ఉలువా అని మా దగ్గర పెద్ద చేప ఉంది, మనిషంత పెరుగుతుంది. దానికోసం రాళ్ల మీద గాలపు కర్రలు పాతి, కర్ర కొసకి గంట కట్టి కూచుంటారు. గంట మోగిందా, ఒంటి మీద గుడ్డ ఉందో లేదో కూడా చూసుకోకుండా పరిగెత్తాల్సిందే. ఆంటీ బాధల్లా ఆ గాలాలతోనే. గాలం కొనకి వెనక్కి తిరిగి ఒక చిన్న ముల్లుంటుంది, గుచ్చుకున్నది ఊడి రాకుండా. ఆ ముల్లుని పటకారుతో నొక్కేయరా బాబూ, పొరపాటున సీలు నోట పడినా జారి వచ్చేస్తుంది అని ఆవిడ ప్రతి శుక్రవారం చెప్పేది. ముల్లు నొక్కేస్తే ఉలువా నాకు టాటా చెప్పి పోతుందని వాడు ప్రతి శుక్రవారం నవ్వేవాడు. తిట్టుకుంటూనే ఇద్దరూ గిన్నె ఖాళీ చేసేవాళ్లు.

ఇక కోలొహె సంగతి. కోలొహె అంటే అల్లరిదని. మొన్న వసంతంలో పుట్టిన ఆడ సీలుపిల్ల అది. అది పుట్టిన రోజు నుంచి తల్లి పాలు మాన్పించి సముద్రంలోకి వెళ్లిపోయేదాకా తాడు బయట కూచుని కాసింది హౌనాని ఆంటీయే. తల్లి వెళ్లిపోయిన పొద్దున పిల్ల నీళ్లలోకీ ఒడ్డుకీ తిరుగుతూ అరుస్తుంటే, ఆవిడ కుర్చీలో కూచుని ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. దగ్గరికి వెళ్లి ఓదార్చడానికి లేదు, మనిషికి అలవాటు పడితే దానికే ముప్పు. ఆ తర్వాత అది చెప్పులు ఎత్తుకుపోవడం నేర్చుకుంది. తేలే కొబ్బరికాయతో ఆడటం నేర్చుకుంది. కనిపించిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుని చూడటం నేర్చుకుంది. ఆంటీకి గుండెల్లో రాయి పడింది అప్పుడే.

ఒక శనివారం పొద్దున సీళ్ల ఫోను, అంటే సీలుకి ఆపదొస్తే జనం చేసేది, మోగింది. ఆ వారం ఆ ఫోను ఆంటీ దగ్గరుంది.

"సీలు ఒకటి... నోటి పక్క గాలం గుచ్చుకుంది. దారం మెడకి చుట్టుకుంది. ఇంకా బోలెడు దారం వెనక వేలాడుతోంది." ఎవరో మగమనిషి. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టు గొంతు ముద్దముద్దగా ఉంది.

"ఏ సీలు? రెక్కకి గుర్తు ఏ రంగు?"

"ఎరుపు. చిన్నది. చెప్పులెత్తుకుపోయేది."

"ఎక్కడ?"

అవతల నుంచి గాలి, అలలు, ఇంకేదో సన్నటి చప్పుడు. "పాపొలు తీరం," అని ఫోను పెట్టేశాడు.

ఆవిడ వెంటనే డాక్టర్ కబ్రేరాకి ఫోను చేసింది. సీళ్లకి వైద్యం చేసేది ఆ అమ్మాయే. తర్వాత మసావో అంకుల్‌కి చేసింది. ఆయన పూర్వం చేపల పడవ నడిపేవాడు, ఇప్పుడు ముసలాడయ్యాక కాపలాకొస్తాడు. నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున ఒకరింట్లో విన్నది మధ్యాహ్నానికి దీవంతా చెప్పేస్తాడు.

ముగ్గురూ ఆంటీ ట్రక్కులో పాపొలు చేరారు. దారిలో డాక్టరమ్మ ఒకటే మాట చెబుతూ వచ్చింది, మధ్యాహ్నం పోటు ఎక్కేలోగా దొరకాలి అని. సీలు చేప కాదు, ఊపిరికి పైకి రావాల్సిందే. పోటు నీళ్లు తాకితే లేచి సముద్రంలోకి పోతుంది. ఆ వేలాడే దారం అడుగున ఏ రాతికో మెలిపడిందంటే ఇక పైకి రాలేదు.

పాపొలులో సీలు లేదు. ఇసుక మీద దాని జాడ కూడా లేదు. ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగారు, రాళ్ల సందులన్నీ చూశారు, డాక్టరమ్మ మోకాలు చెక్కుకుపోయింది. ఎండ నెత్తికెక్కుతోంది. ఆంటీ దుర్భిణీ కళ్ల దగ్గరే పెట్టుకుని నీళ్లలో నల్లగా కనిపించిన ప్రతిదానికీ ఉలిక్కిపడుతోంది.

"మన బుద్ధి గడ్డి తింది," అన్నాడు మసావో అంకుల్ ఇసుకలో కూలబడుతూ. "గాలం వేసేవాడి నోట చోటు పేరు విని, నిజమని పరిగెత్తుకొచ్చాం."

ఆయన అన్నది ఇక్కడివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బండి మీద గాలపు కర్రలు నిక్కి కనిపిస్తున్నా సరే, చేపలకి వెళ్తున్నావా అని మా దీవిలో ఎవర్నీ అడగరు. అడిగితే చేపలు వినేస్తాయి. షికారుకా అని అడగాలి. ఇక చేప పడిన చోటు మాటకొస్తే, తూర్పున పడితే పడమర అంటారు. ఇది అబద్ధం కిందకి రాదు, మర్యాద. ఆ ఫోను చేసినవాడు సీలు మీద జాలితో ఫోను చేశాడు, నోరు తెరిచేసరికి అలవాటు కొద్దీ పక్క తీరం పేరు చెప్పాడు.

ఆంటీ పాపొలు అలల చప్పుడు వింటూ నిలబడింది. ఏదో తక్కువైంది. పొద్దున ఫోనులో విన్నది ఇది కాదు. అందులో అల వచ్చినప్పుడల్లా సన్నగా, పొయ్యి మీద కెటిల్ కూసినట్టు ఈల వినిపించింది. కంగారులో పట్టించుకోలేదుగానీ, ఆ ఈల తనకి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. రాతిలో ఒక కన్నం ఉంది. అడుగు నుంచి నీళ్లు తోసుకొచ్చినప్పుడల్లా గాలి ఆ కన్నంలోంచి ఈల వేస్తుంది. ఈ దీవిలో అలాంటి రాయి ఒకటే ఉంది.

అది ఆంటీ వాళ్ల నాన్న ఎలైజా చేపలు పట్టే చోటు. ఆయనకి వాళ్ల నాన్న చూపించాడు. తన పిల్లలిద్దరినీ అక్కడికి తీసుకెళ్లి, తడి రాతి మీద అరచెయ్యి పెట్టించి, ప్రాణం పోయినా ఈ చోటు ఎవరికీ చెప్పబోమని ఒట్టు వేయించాడు. ఆ ఒట్టు ఎంత గట్టిదంటే ఆంటీ కట్టుకున్న మగడికే చెప్పలేదు. పాపం ఆ మహానుభావుడు, పెళ్లాం ఎక్కడో మార్కెట్లో ఇంత మంచి చేప కొంటోందనుకునే కన్నుమూశాడు.

చోటు తెలిసినవాళ్లు ఇద్దరే అయితే, ఒకరు తను. మరి ఫోనులో గొంతుకి గుడ్డ అడ్డం పెట్టుకున్నదెవరో చెప్పాలా?

"వీడి మొహం మండా," అంది ఆంటీ పళ్ల మధ్య నుంచి.

కోపం ఒక్క క్షణమే. ఆ వెంటనే ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. ఈ ఇద్దర్నీ అక్కడికి తీసుకెళ్లాలి. అందులో ఒకడు మసావో. పైగా మసావోకీ ఆంటీ వాళ్ల నాన్నకీ, ఆ నాన్న పోయేదాకా మాటల్లేవు. ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్లు. నాన్న చోటుకి, నాన్నతో పడని మనిషిని, అదీ దీవిలోకెల్లా పెద్ద వాగుడుకాయని, తనే చేజేతులా తోలుకెళ్లాలి. తోలుకెళ్లకపోతే కోలొహె చచ్చిపోతుంది.

ఆవిడ ట్రక్కు దగ్గరికి నడిచి, వెనక మడిచి పెట్టిన నీలం టార్పాలిన్ లాగింది.

"ఎక్కడుందో నాకు తెలుసు. ఫోన్లు ఆ ఐసుపెట్టెలో పడేసి, ఇద్దరూ వెనకెక్కి, దారి కనబడకుండా దీని కింద పడుకోండి."

డాక్టర్ కబ్రేరా నోరు తెరిచింది. "ఆంటీ, నేను ప్రభుత్వ ఉద్యోగిని. నన్ను మూటగట్టి తీసుకెళ్తారా?"

"నాలుగో తరగతిలో నా మాట వినకపోతే ఏం చేశానో గుర్తుందా?"

గుర్తుంది. మందుల సంచి గుండెలకి హత్తుకుని ఎక్కి పడుకుంది. మసావో అంకుల్ మాత్రం వాదిస్తాడనుకుంది ఆంటీ. ఆయన టోపీ తీసి మొహం మీద పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. ఆయన నోట మాట లేకపోవడం ఆవిడ అదే మొదటిసారి చూడటం.

అప్పుడు నడిపింది చూడండి బండి. బడిపిల్లల్ని తోలే చెయ్యి కాదు అది. ఎర్రదుమ్ము వెనక గోడలా లేచింది, కియావె ముళ్లు రెండువైపులా బండిని గీకాయి, ఐసుపెట్టె ఎగిరెగిరి పడింది. ఉండు తల్లీ, కదలకు తల్లీ, వస్తున్నా అని స్టీరింగు మీదికి వంగి గొణుక్కుంటూనే ఉంది. దారి ఎక్కడ చీలుతుందో, ఎక్కడ చీలినట్టు కనిపించి మోసం చేస్తుందో ఆవిడ కాళ్లకీ చేతులకీ తెలుసు.

రెండో మలుపు తిరుగుతుంటే వెనక టార్పాలిన్ కింద నుంచి మసావో గొంతు వచ్చింది.

"ఎడమకి పట్టమ్మాయ్. ముందర బండరాయి లేచి ఉంటుంది."

ఆంటీ ఎడమకి పట్టింది. కుడి చక్రం పక్కనే బండరాయి దాటిపోయింది. దాటిపోయాక ఆవిడ వెనక్కి తల తిప్పి అరిచింది.

"నీకెలా తెలుసు?"

టార్పాలిన్ కింద దగ్గు వినబడింది. "ఊరికే అన్నాను. మన దారుల్లో రాళ్లెక్కడుండవు?"

అప్పుడు ఆపి అడిగే తీరిక లేదు. సముద్రం కనబడింది, ఈల వినబడింది. బండి ఆగీ ఆగకముందే ఆవిడ దూకేసింది.

కోలొహె అక్కడే ఉంది. నల్లరాతి మీద, బొజ్జ పక్కకి వాల్చి, ఊపిరి పీలుస్తూ ఉంది. మెడలో దారం బిగిసి చర్మంలోకి దిగింది. దానికి దూరంగా నాలుగు గాలపు కర్రలు పాతి, వాటికి నైలాన్ దారం చుట్టి, దారానికి చొక్కా చింపిన పీలికలు కట్టి ఉన్నాయి. అచ్చం అక్క కట్టే తాడులాగే. సముద్రం వైపు మాత్రం దారం లేదు. అక్కడ ఐసుపెట్టె మూతని డాలులా పట్టుకుని వెండెల్ గొంతుక్కూచున్నాడు. వీపు ఎండకి ఎర్రగా కాలిపోయింది. పొద్దున ఫోను పెట్టేసినప్పటి నుంచీ, అది నీళ్ల వైపు కదిలినప్పుడల్లా ఆ మూత అడ్డం పెట్టి వెనక్కి మళ్లిస్తూ ఉన్నాడన్నమాట. అలలు అప్పటికే వాడి మడమల్ని తడుపుతున్నాయి.

అక్కని చూశాడు. అక్క వెనక దిగుతున్న ఇద్దర్నీ చూశాడు.

"తీసుకొచ్చేశావా," అన్నాడు నీరసంగా. "మంచిపని చేశావులే."

"తర్వాత చంపుతాను నిన్ను. ఆ మూత వదలకు."

ఆ తర్వాతి పని నేను చెప్పేదానికన్నా తొందరగా అయిపోయింది. ట్రక్కులో తెచ్చిన అడ్డుపలకలతో ఆంటీ ఒకపక్క, వెండెల్ ఇంకోపక్క దాన్ని నొక్కిపట్టారు. మసావో అంకుల్ తడి తువ్వాలు దాని కళ్ల మీద కప్పి పట్టుకున్నాడు. అది ఒక్క పొర్లు పొర్లేసరికి వెండెల్ వెనక్కి పడి మళ్లీ లేచాడు. డాక్టరమ్మ మెడ కింద కత్తెర దూర్చి దారం టక్కున కోసింది. చర్మంలో దిగినదాన్ని వేలితో మెల్లగా పైకి లాగింది. అల వచ్చి అందరి మోకాళ్ల మీదా పడింది. ఇక గాలం. డాక్టరమ్మ దాన్ని పటకారుతో పట్టుకుని, బలంగా లాగడానికి ఊపిరి బిగబట్టింది. గాలం గుడ్డలోంచి సూది వచ్చినట్టు సులువుగా వచ్చేసింది.

"ముల్లు నొక్కేసి ఉంది," అంది డాక్టరమ్మ ఆశ్చర్యపోతూ.

ఆంటీ తమ్ముడి వైపు చూసింది. వాడు రాళ్ల వైపు చూశాడు.

"ఎప్పట్నించి?"

"నువ్వు మొదటిసారి చెప్పావు చూడు, ఆ శుక్రవారం నుంచే."

"మరి ఇన్నాళ్లూ నన్ను ఏడిపించావేంరా?"

"నువ్వు తిట్టకపోతే నాకు అన్నం సహించదక్కా. పొద్దున గంట మోగితే ఉలువా అనుకున్నాను. మీసాలతో పైకి తేలింది ఇది. భయపడి దారం దూరంగా కోసేశాను. అది తిరుగుతూ తిరుగుతూ ఆ దారం మెడకి చుట్టుకుంది. అంతా నావల్లే."

పలకలు తీసేశారు. కోలొహె తువ్వాలు విదిలించుకుని, మనుషులందరి మీదా ఒకసారి గట్టిగా తుమ్మి, బొజ్జ మీద పాకుతూ నీళ్లలోకి జారింది. అందరూ నీళ్ల వైపే చూస్తున్నారు. అలల అవతల తల పైకి లేచింది. ఊపిరి పీల్చిన చప్పుడు ఒడ్డుకి వినబడింది. వెండెల్ పాతికేళ్లు తగ్గినవాడిలా గెంతుతూ కేకలు పెట్టాడు. డాక్టరమ్మ ఆంటీని వాటేసుకుంది. ఆంటీ నవ్వుతూ ఏడుస్తూ, ఎవరి వీపు తడుతోందో కూడా చూసుకోకుండా కనిపించిన వీపల్లా తట్టింది, వెండెల్ కాలిన వీపుతో సహా. వాడు అబ్బా అన్నాడు.

తేరుకుని చూస్తే మసావో అంకుల్ వాళ్లతో లేడు. ఈల వేసే రాయి దగ్గర వంగి, తడి రాతి మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నాన్న తమ చేత పెట్టించిన చోటే, అలాగే.

ఆంటీ దగ్గరికి వెళ్లింది.

"మీ నాన్నే తీసుకొచ్చాడు," అన్నాడు ఆయన చెయ్యి తీయకుండానే. "నా పడవ పగిలిపోయిన ఏడు. ఇంట్లో పిల్లలకి పెట్టడానికేమీ లేదు. ఎవర్నీ అడగలేక మొహం చాటేసుకు తిరుగుతుంటే ఒకనాడు ఇంటికొచ్చి, షికారుకి వెళ్దాం రా అన్నాడు. ఆ చలికాలమంతా ఇక్కడి చేపే తిన్నాం. పడవ బాగయ్యాక మళ్లీ ఇటు రాలేదు. ఇది మీది."

"మరి మీ ఇద్దరికీ మాటల్లేవుగా?"

"నా నోటి సంగతి నీకు తెలుసు కదమ్మాయ్. మీ నాన్నకీ తెలుసు. ఎలైజా చేపలు ఎక్కడ పడతాడు అని నన్నడిగితే నోరు జారతాను. వాడితో నాకు మాటల్లేవంటే ఇక ఎవరూ అడగరు. ఆ ఉపాయం నాదే." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "వాడితో మాట్లాడకుండా ఉండటం చాలా కష్టమైంది."

రాయి రెండుసార్లు ఈల వేసింది. ఆంటీ ఆయన చెయ్యి పట్టుకుని రాళ్ల మీదుగా జాగ్రత్తగా ట్రక్కు దాకా నడిపించింది. ముందు సీటు తలుపు తీసి పట్టుకుంది.

"ఇక్కడ కూచో అంకుల్. నీకు తెలిసిన దారేగా."

మసావో అంకుల్ ఆ తలుపు తనే వేసేశాడు. వెనక్కి వెళ్లి, చక్రం మీద కాలు పెట్టి కష్టం మీద ఎక్కి, టోపీ మొహం మీద పెట్టుకుని పడుకున్నాడు. టార్పాలిన్ అంచు పట్టుకుని తలదాకా లాక్కున్నాడు.